పార్కిన్సన్స్ రోగికి జ్వరం వస్తే ఏం చేయాలో రాసి పెట్టండి: హైదరాబాద్ ఆసుపత్రులకు, ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ అధికారులకు, హైదరాబాద్‌లోని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, డ్యూటీ డాక్టర్లకు, నర్సింగ్ సిబ్బందికి,

నమస్కారం.

పార్కిన్సన్స్ ఉన్న మనిషి జ్వరంతో ఆసుపత్రిలో చేరితే ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఒక్క పేజీలో రాసి ప్రతి వార్డులో పెట్టండి. మేము అడుగుతున్నది ఇదే. ఈ మాటే రాతపూర్వకంగా ఒక ఆసుపత్రి యాజమాన్యానికి ఇచ్చాం. తర్వాత సంబంధిత కార్యాలయంలోనూ ఇచ్చాం. రసీదు మీద ముద్ర పడింది గానీ జవాబు రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే ఆ కాగితం ఎవరి దగ్గర ఉందో చెప్పేవారు లేరు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆ ఆసుపత్రి పేరు గానీ, కార్యాలయం పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఒకరిని నిలదీస్తే తీరే సమస్య కాదు ఇది. మా లాంటి కుటుంబాల వాళ్లం కలిసి మాట్లాడుకున్నప్పుడు, మలక్‌పేట వాళ్లు చెప్పినా కూకట్‌పల్లి వాళ్లు చెప్పినా దాదాపు ఇదే జరిగింది. నగరంలో మంచి న్యూరాలజిస్టులు ఉన్నారు, వాళ్లకు మేం రుణపడి ఉన్నాం. వాళ్ల ఓపీ గది దాటాక, జ్వరానికో వాంతులకో వెళ్లే జనరల్ వార్డుల్లో, క్యాజువాల్టీల్లో, చిన్న నర్సింగ్ హోముల్లో మా వాళ్లకు ఏం జరుగుతోందో చెప్పడానికే ఈ లేఖ.

నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మావారు లెక్కల మాస్టారు. ఆయనకు పార్కిన్సన్స్. పొద్దున ఆరింటికి, పదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి లెవోడోపా మాత్ర పడాలి. ఆ వేళలు తప్పకపోతే చేతికర్రతో పార్కు దాకా నడిచేవారు, పేపరు చదివేవారు, మనవడికి లెక్కలు చెప్పేవారు. అలాంటి మనిషికి యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో జ్వరం వచ్చింది. ఒక్క రోజులో నడక ఆగిపోయింది, మాట ముద్దయింది. ఆసుపత్రిలో చేర్చాం.

అక్కడ ఆయన మాత్రల వేళలు నర్సింగ్ రౌండు వేళలకు మారిపోయాయి. ఇంటి నుంచి తెచ్చిన మాత్రలు నేనే వేస్తానంటే రూల్స్ ఒప్పుకోవన్నారు. వాంతి అంటే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. రాత్రి ఎవరో గదిలోకి వచ్చారంటూ ఆయన లేవబోతే హాలోపెరిడాల్ ఇచ్చారు. ఈ రెండు మందులూ మెదడులో కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకునేవే. డోపమిన్ కొరతే ఆయన జబ్బు. తెల్లారేసరికి ఒళ్లంతా బిగుసుకుపోయింది, మింగడం కూడా కష్టమైంది. 'జబ్బు ముదిరిందమ్మా, వయసు కూడా ఉంది కదా' అని చెప్పారు. ఆ మందులు ఆపించి, పాత వేళలకు మాత్రలు వేయించి, ఇన్‌ఫెక్షన్‌కు సరైన యాంటీబయాటిక్ నడిపించాక ఆయన చాలావరకు కోలుకున్నారు. పూర్తిగా మాత్రం కాదు. పార్కుకు వెళ్లడం ఆగిపోయింది.

జ్వరం వస్తే ఎవరైనా నీరసపడతారు. పార్కిన్సన్స్ ఉన్న మనిషి అంత లోతుకు ఎందుకు పడిపోతాడు? ఇది తెలిస్తే మేం అడుగుతున్నవి ఎందుకు అడుగుతున్నామో మీకు అర్థమవుతుంది. డాక్టర్లకు ఇందులో కొంత తెలిసిన విషయమే అయినా, ఈ లేఖ చదివే మామూలు కుటుంబాల కోసం కాస్త వివరంగా రాస్తాను.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించారు. మధ్య మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగం ఉంటుంది. అక్కడ డోపమిన్ తయారు చేసే నాడీకణాలు క్రమంగా చనిపోతాయి. 1960ల చివరి నుంచి వాడుతున్న లెవోడోపా ఆ లోటును పూడుస్తుంది గానీ కణాలు చనిపోవడాన్ని ఆపదు. అవి ఎందుకు చనిపోతున్నాయని వెతికినవాళ్లకే రోగనిరోధక కణాలు కనిపించాయి.

1988లో కెనడాలోని వాంకూవర్‌లో ప్యాట్రిక్ మెక్‌గీర్, ఈడిత్ మెక్‌గీర్, వాళ్ల సహచరులు చనిపోయిన పార్కిన్సన్స్ రోగుల మెదళ్లను పరీక్షించారు. సబ్‌స్టాన్షియా నైగ్రాలో మైక్రోగ్లియా అనే కణాలు ఉద్రేక స్థితిలో గుమిగూడి కనిపించాయి. మైక్రోగ్లియా మెదడులోనే ఉండే రోగనిరోధక కణాలు. చెత్తను తినేయడం, సూక్ష్మక్రిములతో పోరాడడం, దెబ్బతిన్న చోటును బాగుచేయడం వాటి పని. ఆ పని ముగిశాక అవి శాంతించాలి. ఈ జబ్బులో అవి శాంతించవు.

1997లో మరో ముఖ్యమైన సంగతి తెలిసింది. ఈ రోగుల నాడీకణాల్లో పేరుకుపోయే ముద్దల్లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ఉంటుందని తేలింది. గడ్డకట్టిన ఈ ప్రొటీన్ నాడీకణం నుంచి బయటపడితే మైక్రోగ్లియా దాన్ని శత్రువుగా గుర్తించి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా వంటి ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ రసాయనాలు పక్కనున్న నాడీకణాలనూ దెబ్బతీస్తాయి. అవి చనిపోతూ మరింత ప్రొటీన్ వదులుతాయి. అలా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ పోతాయి.

రక్తంలోని కణాలకూ ఇందులో పాత్ర ఉంది. 2009లో ఫ్రాన్స్ పరిశోధకులు పార్కిన్సన్స్ రోగుల మెదడులోకి టి కణాలు అనే రక్తంలోని రోగనిరోధక కణాలు చొరబడి ఉండడాన్ని చూపించారు. 2017లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన డేవిడ్ సుల్జర్, లా హోయా ఇమ్యునాలజీ సంస్థకు చెందిన అలెస్సాండ్రో సెట్టె బృందం, కొందరు రోగుల రక్తంలోని టి కణాలు ఆల్ఫా సైన్యూక్లిన్ ముక్కలను పరాయి వస్తువుగా గుర్తించి స్పందిస్తున్నాయని కనిపెట్టింది. ఆ స్పందన జబ్బు బయటపడిన తొలి ఏళ్లలో బలంగా ఉంటుందని 2020లో అదే పరిశోధకులు రాశారు. 2004లో గుర్తించిన ఎల్‌ఆర్‌ఆర్‌కే2 జన్యువుదీ ఇలాంటి కథే. అందులోని కొన్ని మార్పులు పార్కిన్సన్స్ తెస్తాయి. అదే జన్యువుకు పేగుల్లో వచ్చే క్రోన్స్ జబ్బుతో, కుష్ఠుతో కూడా సంబంధం కనిపించింది. ఇది రోగనిరోధక కణాల్లో చురుగ్గా పనిచేసే జన్యువు. కుష్ఠుకు వైద్యం చేసిన డిచ్‌పల్లి లాంటి చోటు ఉన్న రాష్ట్రం మనది. ఈ సంగతి మన వైద్య విద్యార్థులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించాలి.

ఇన్‌ఫ్లమేషన్ జబ్బును మొదలుపెడుతుందా, మొదలైన జబ్బును వేగం చేస్తుందా అన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. దానికి ఇందులో భాగం ఉందన్న సంగతిని మాత్రం ఇవాళ ఎవరూ కొట్టిపారేయడం లేదు.

ఇప్పుడు జ్వరం దగ్గరికి వస్తాను. పార్కిన్సన్స్ మెదడులోని మైక్రోగ్లియా నివురుగప్పిన నిప్పులాంటివి. శరీరంలో ఎక్కడో, మూత్రాశయంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్‌ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగిన ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు మెదడును చేరి వాటిని రాజేస్తాయి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. 2007లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఎలుకలకు బ్యాక్టీరియా నుంచి తీసిన విషపదార్థాన్ని ఒకే ఒక్కసారి ఎక్కించారు. రక్తంలో టీఎన్‌ఎఫ్ కొన్ని గంటల్లో తగ్గిపోయింది. మెదడులో మాత్రం పది నెలలైనా తగ్గలేదు. ఆ నెలల్లోనే సబ్‌స్టాన్షియా నైగ్రాలో డోపమిన్ కణాలు తగ్గిపోతూ వచ్చాయి. ఎలుకల్లో జరిగింది మనుషుల్లో అచ్చంగా అలాగే జరుగుతుందని నేను అనడం లేదు. కానీ ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు పార్కిన్సన్స్ లక్షణాలు ఒక్కసారిగా పెరగడం, మతి స్థిమితం తప్పడం, కొందరు మునుపటి స్థితికి పూర్తిగా రాకపోవడం ఏ న్యూరాలజిస్టును అడిగినా చెప్తారు. ఈ రోగుల మరణాలకు ప్రధాన కారణాల్లో న్యుమోనియా ఒకటి.

ఈ జబ్బు కొద్దిమందికి వచ్చేదీ కాదు. ప్రపంచంలో 1990లో 25 లక్షల మందికి ఉంటే 2016 నాటికి అది 61 లక్షలకు చేరింది. 2019లో 85 లక్షలకు పైనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మన దేశం వయసు పెరుగుతున్న దేశం. రేపు మీ వార్డుల్లో ఈ రోగులు ఇంకా ఎక్కువ కనిపిస్తారు.

ఇక మామూలు కుటుంబాల మీద ఏం పడుతోందో, మేం ఏం కోరుతున్నామో వరుసగా రాస్తున్నాను.

1. మాత్ర వేళకు పడాలి

బీపీ మాత్ర గంట ఆలస్యమైతే పెద్ద తేడా రాదు. లెవోడోపా అలా కాదు. శరీరంలో అది నిలిచేది కొద్ది గంటలే. వేళ దాటితే మనిషి 'ఆఫ్' లోకి వెళ్లిపోతాడు. పక్క మీద ఒత్తిగిల్లలేడు, గ్లాసు పట్టుకోలేడు, మింగలేడు. మింగలేని మనిషికి అన్నం పెడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఒక ఇన్‌ఫెక్షన్‌కు వైద్యం చేయించుకోవడానికి వచ్చి రెండోది తెచ్చుకుంటాడు. మాత్ర అకస్మాత్తుగా పూర్తిగా ఆపేస్తే ఇంకా ప్రమాదం. తీవ్రమైన జ్వరం, బిగుతు, స్పృహ తప్పడంతో ప్రాణం మీదికి వస్తుంది. చూసేవాళ్లకు అది కూడా ఇన్‌ఫెక్షన్ జ్వరంలాగే కనిపిస్తుంది.

బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే అనే సంస్థ 'గెట్ ఇట్ ఆన్ టైమ్' పేరుతో ఏళ్లుగా ఆసుపత్రుల్లో ప్రచారం చేస్తోంది. రోగి సొంత వేళకు అరగంటకు మించి అటూ ఇటూ కాకుండా మాత్ర ఇవ్వాలన్నదే దాని సారం. మేం అడిగేదీ అంతే. కేస్ షీట్ మీద రోగి ఇంటి వేళలు రాయండి. సిస్టర్లు తీరిక లేకుండా ఉంటారని మాకు తెలుసు. ఒక్కో వార్డులో ముప్పై నలభై మందిని ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. వాళ్ల మీద భారం వేయమని అడగడం లేదు. ఇంటివాళ్లు వేస్తామంటే వేయనివ్వండి, సంతకం తీసుకోండి. నోటితో తీసుకోలేని రోగికి ముక్కు గొట్టం ద్వారా ఎలా ఇవ్వాలో ఆ పేజీలో రాయండి, ఏ రకం మాత్రను నలపకూడదో కూడా. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. రాత్రి పూట కూడా ఆసుపత్రి ఫార్మసీలో దొరకాలి. నల్గొండ నుంచో వనపర్తి నుంచో అంబులెన్సులో వచ్చినవాళ్లు మాత్రల డబ్బా మర్చిపోయి వస్తారు. ఆ రాత్రికి వాళ్లెక్కడికి పోవాలి?

2. ఇవ్వకూడని మందుల జాబితా మంచం దగ్గర ఉండాలి

వాంతికి మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ వద్దు. కలవరింతలకు హాలోపెరిడాల్ వద్దు. కళ్లు తిరుగుతున్నాయంటే రాసే సిన్నరిజైన్ వద్దు. వీటికి బదులు వాడదగినవి ఉన్నాయి, న్యూరాలజిస్టులకు తెలుసు. ఎర్ర అక్షరాలతో ఒక స్టిక్కర్ కేస్ షీట్ మీద అతికిస్తే చాలు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు.

3. ఒక్కసారిగా దిగజారితే ముందు ఇన్‌ఫెక్షన్ వెతకండి

పార్కిన్సన్స్ నెలల మీద, సంవత్సరాల మీద పెరిగే జబ్బు. నిన్న నడిచిన మనిషి ఇవాళ లేవలేకపోతే జబ్బు ముదిరిందని అనుకోవడానికి ముందు కారణం వెతకాలి. మూత్ర పరీక్ష, కల్చర్, రక్తకణాల లెక్క, ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష, అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే. వానాకాలంలో ఈ నగరంలో డెంగీ, చికున్‌గున్యా సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మలబద్ధకం ఉందా, మాత్ర పేగుల్లో సరిగా అందుతోందా అన్నది కూడా అడగాలి. ముసలివాళ్లకు ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఒళ్లు కాలకపోవచ్చు. మతి తప్పి మాట్లాడడమే మొదటి గుర్తు కావచ్చు.

ఇది పెద్ద ఆసుపత్రుల దాకా రావాల్సిన పని కూడా కాదు. 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. అక్కడి డాక్టర్లకు సగం రోజు శిక్షణ ఇస్తే చాలు. ఆటో నడిపే ఒక కొడుకు నాతో చెప్పిన మాట ఇది: 'నాన్నకు పిచ్చి పట్టిందనుకున్నం మేడం. మంత్రం పెట్టించినం. వారం పోయినంక తెల్సింది, మూత్రంల చీము అని.' ఆ వారంలో ఆ పెద్దాయన మంచం పట్టారు. కొడుకు ఆటో తిప్పడం మానేసి తండ్రి దగ్గర కూర్చున్నాడు. భార్య ఇళ్లలో పనికి వెళ్తోంది. ఒక మూత్ర పరీక్ష ఆలస్యమైనందుకు ఒక సంసారం ఇలా అయిపోయింది. సకాలంలో పట్టుకోదగ్గ జబ్బు వల్ల ఇంత నష్టం జరగడం నాకు చాలా బాధ కలిగిస్తోంది, కోపం కూడా.

మింగే శక్తిని పరీక్షించకుండా పార్కిన్సన్స్ రోగికి నోటితో ఆహారం పెట్టమని చెప్పకండి. స్పీచ్ థెరపిస్టు లేని చోట కనీసం మంచాన్ని ఎత్తి, నిటారుగా కూర్చోబెట్టి, చెంచా చెంచాగా ఇవ్వడం నేర్పండి.

4. ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసే బాధ్యత

ఫ్లూ టీకా ప్రతి ఏడాదీ, న్యుమోకాకల్ టీకా డాక్టర్ సలహా ప్రకారం. పెద్దవాళ్లకు ఈ టీకాలు సొంత డబ్బుతోనే వేయించుకోవాల్సి వస్తోంది. ప్రపంచానికి టీకాలు చేసి పంపే కంపెనీలు మన జీనోమ్ వ్యాలీలో ఉన్నాయి. పార్కిన్సన్స్ నిర్ధారణ అయినవాళ్లకు, 65 ఏళ్లు దాటినవాళ్లకు ముందుగా, ఈ రెండు టీకాలు ఉచితంగా ఇవ్వండి. పళ్ల శుభ్రత, నీళ్లు సరిపడా తాగడం, మూత్రం పూర్తిగా పోయేలా చూసుకోవడం గురించి ఓపీలోనే తెలుగులో, ఉర్దూలో ఒక కరపత్రం చేతిలో పెట్టండి.

5. ఇన్‌ఫ్లమేషన్ పేరుతో జరుగుతున్న వ్యాపారాన్ని ఆపండి

ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెడుతున్న సంగతి. పరిశోధన వార్తలు బయటికి రాగానే వాటి పేరు చెప్పి అమ్మేవాళ్లు తయారయ్యారు. ఇమ్యూనిటీ పెంచుతామని ఒకరు, మెదడులో వాపు తీసేస్తామని మరొకరు, స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో వణుకు మాయం చేస్తామని ఇంకొకరు. రోగనిరోధక కణాలు అదుపు తప్పి పనిచేస్తున్న జబ్బులో వాటిని ఇంకా రెచ్చగొట్టే మందు ఎలా పనికొస్తుందో ఒక్కరూ చెప్పరు. పొలం అమ్మి ఇలాంటి కోర్సు కట్టిన కుటుంబాన్ని నేను స్వయంగా కలిశాను.

నిజం ఏమిటంటే, పెద్ద పెద్ద పరిశోధన సంస్థలకే ఇంకా ఇది చేతికి అందలేదు. పయోగ్లిటజోన్ అనే షుగరు మందుకు ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే గుణం ఉందని పరీక్షించారు, 2015లో దానివల్ల ప్రయోజనం లేదని తేలింది. మరో షుగరు మందు ఎక్సెనటైడ్ మీద 2017లో చిన్న పరీక్షలో ఆశ కలిగింది, 2025లో వచ్చిన మూడో దశ ఫలితాల్లో ప్రయోజనం కనిపించలేదు. అదే కుటుంబానికి చెందిన లిక్సిసెనటైడ్ 2024లో స్వల్ప ప్రయోజనం చూపింది, కడుపులో వికారంతో సహా. పేగు జబ్బులకు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు వాడినవాళ్లలో పార్కిన్సన్స్ తక్కువగా వచ్చిందని అమెరికాలో 2018లో ఒక పరిశీలన చెప్పింది. అది రికార్డులు చూసి చెప్పిన మాట, చికిత్సగా పరీక్షించి చెప్పింది కాదు. ఐబుప్రొఫెన్ వాడేవాళ్లలో తక్కువ వచ్చిందన్న 2011 నాటి పరిశీలన కూడా అలాంటిదే. దాన్ని వాట్సాప్‌లో చదివి రోజూ ఐబుప్రొఫెన్ మింగుతున్న పెద్దలు ఉన్నారు. అది కిడ్నీలకు, కడుపుకు చేసే హాని మాత్రం పక్కా. దయచేసి ఎవరూ అలా చేయకండి.

దూలగొండి గింజల పొడి గురించి కూడా చెప్పాలి. అందులో సహజంగానే లెవోడోపా ఉంటుంది, అందుకే కొందరికి గుణం కనిపిస్తుంది. డాక్టర్‌కు చెప్పకుండా మాత్రలతో పాటు వేసుకుంటే మోతాదు ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ఓపీలో ప్రతి డాక్టరూ ఈ ప్రశ్న అడగాలి, మందలించకుండా అడగాలి.

చట్టం లేక కాదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె లో పార్కిన్సనిజం పేరు ఉంది. దాన్ని నయం చేస్తామని ఏ మందు మీదా చెప్పుకోకూడదు. 2017 నాటి జాతీయ స్టెమ్ సెల్ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బుల వంటి కొన్నిటికి తప్ప ఆ చికిత్సను బయట అమ్మకూడదు. డ్రగ్ కంట్రోల్ అధికారులు నగరంలోని హోర్డింగులు, యూట్యూబ్ ప్రకటనలు చూసి కేసులు పెట్టాలి. ఎన్ని పెట్టారో ప్రజలకు చెప్పాలి.

6. సదరం శిబిరంలో 'ఆన్' వేళకు చూసి పంపేయకండి

2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ ఉంది. కానీ వైకల్య శాతం నిర్ధారించే సదరం శిబిరానికి రావడానికే రోగి మాత్ర వేసుకుని వస్తాడు. మాత్ర పనిచేసే ఆ 'ఆన్' వేళలో నడుస్తాడు. ఆ పది నిమిషాలు చూసి శాతం తక్కువ వేస్తే మిగిలిన రోజంతా అతన్ని ఎత్తి కూర్చోబెట్టే ఇల్లాలి సంగతి ఎవరు రాస్తారు? న్యూరాలజిస్టు ఇచ్చిన ఆన్, ఆఫ్ వివరాలను ఆధారంగా తీసుకోండి. ఇన్‌ఫెక్షన్ తర్వాత దిగజారినవాళ్లకు మళ్లీ పరీక్షించుకునే అవకాశం వెంటనే ఇవ్వండి.

7. హైదరాబాద్‌లోనే ఈ పరిశోధన జరగాలి

లెవోడోపాకు తోడుగా వాడే సాఫినమైడ్ మీద 2014లో వచ్చిన ముఖ్యమైన అంతర్జాతీయ పరీక్ష ఫలితాల ప్రధాన రచయిత అప్పట్లో నిమ్స్‌లో ఉన్న న్యూరాలజిస్టు రూపం బొర్గోహెయిన్. హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. జన్యువులు, కణాలు చదవగలిగిన ప్రయోగశాల ఒకవైపు, వేల మంది రోగులు వచ్చే ఓపీలు మరోవైపు. ఇన్‌ఫెక్షన్‌తో చేరిన పార్కిన్సన్స్ రోగుల రక్తంలో టి కణాలు, సైటోకైన్లు అనే ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు ఎలా మారుతున్నాయి, ఎవరు కోలుకుంటున్నారు, ఎవరు కోలుకోవడం లేదు అన్న వివరాలతో ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టండి. రోగుల అనుమతితో రక్త నమూనాలు దాచండి. మా ఇంట్లోవాళ్ల నమూనాలు ఇవ్వడానికి మేం సిద్ధం.

అందులో రైతులను తప్పకుండా చేర్చండి. పారాక్వాట్ అనే గడ్డిమందుతో, రోటెనోన్ అనే పురుగుమందుతో పనిచేసినవాళ్లలో పార్కిన్సన్స్ ముప్పు ఎక్కువని 2011లో అమెరికా పరిశోధన చెప్పింది. ప్రయోగశాలలో ఈ రెండూ మైక్రోగ్లియాను ఉద్రేకపరుస్తాయి. పారాక్వాట్‌ను యూరోపియన్ యూనియన్ 2007 నుంచే వాడనివ్వడం లేదు. మన దగ్గర గడ్డిమందుగా ఒట్టి చేతులతో కొడుతున్నారు. ఓపీ చీటీలో షుగరు, బీపీ అడిగినట్టే ఏ మందు కొట్టారు, ఎన్నేళ్లు కొట్టారు అన్నది కూడా అడిగి రాయండి.

ఈ ఏడింటిలో మొదటి మూడింటికి కొత్త భవనం అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. ఆ సర్క్యులర్ ముసాయిదాను కొందరు న్యూరాలజిస్టుల సలహాతో మేమే తయారు చేసి మా అర్జీకి జతచేశాం. తప్పులుంటే దిద్దండి, మెరుగైనది ఉంటే అదే పెట్టండి.

ఈ లేఖ అందిన నెల రోజుల్లోగా మూడు విషయాల మీద రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. సర్క్యులర్ ఇస్తారా, ఇవ్వరా? ఇస్తే ఏ తేదీ నుంచి అమలవుతుంది? అమలు కాని చోట రోగి తరఫువాళ్లు ఎవరికి ఫోన్ చేయాలి? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద మా పాత అర్జీ మీద జరిగిన చర్యల వివరాలు అడుగుతాం. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ను కూడా ఆశ్రయిస్తాం.

ఇట్లు,
పార్కిన్సన్స్ రోగుల కుటుంబాల తరఫున,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచర్,
హైదరాబాద్